డాక్టరు చెప్పిన అయిదో మాట

నా ఇల్లు చెడగొట్టింది విద్య. రెండేళ్లుగా రాజురా బస్టాండులో నాతో చాయ్ తాగిన ప్రతివాడికీ ఈ మాట చెప్పాను. విద్య మా వెనకింటి వెంకటి కోడలు, ఊరికి ఆశా తాయి, అంటే ఆశా కార్యకర్త. బాలింతలకు గోలీలు పంచి, పిల్లల బరువు తూచి తన దారిన తాను పోక, నా సంసారంలో తల పెట్టింది. నా భార్యను ఆటో ఎక్కించుకొని పోయింది, మళ్లీ తెచ్చి అప్పజెప్పలేదు. వినేవాళ్లు తల ఊపేవాళ్లు. ఒకరిద్దరు చాయ్ డబ్బులు వాళ్లే ఇచ్చారు. చెప్పగా చెప్పగా నాకే ఆ కథలో ఎక్కడో తడబాటు వచ్చేది. విద్య ఆటో తెచ్చిందనే దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. ఆటో ఎందుకు తేవాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సావిత్రి నా భార్య. మా ఇంట్లో తెల్లవారేది ఆమె తుమ్ములతోనే. ఒకటీ రెండూ కాదు, వరసగా పదీ పన్నెండు. ఆ తర్వాత ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, చలికాలమైతే ఛాతీలో పిల్లికూతలు. మా అమ్మ ఆగమ్మ మంచం మీది నుంచే అందుకునేది.

"మొదలువెట్టింది. మొగడు బయటికి పోయే యాళ్లకే దీనికి తుమ్ములస్తయ్. ఏం సంబంధమో ఏమో."

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పని మీద బయల్దేరినప్పుడు తుమ్ము వినబడితే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి లేచేవాణ్ణి. ఈలోపు బస్సు పోయేది. ఒకసారి తాలూకా ఆఫీసు పని చెడిపోయి ఇంటికి వచ్చి అన్నాను, "జరసేపు ముక్కు మూసుకుంటే సచ్చిపోతవా ఏందే?"  ఆ మర్నాటి నుంచి నేను అంగీ తొడుక్కుంటుంటే ఆమె బర్రెల కొట్టంలోకి పోయేది. నేను గడప దాటి, మూల తిరిగేదాకా అక్కడే ఉండేది. బర్రెల పని ఉందనుకున్నాను. అనుకోవడం నాకు సులువుగా వచ్చు.

మా దిక్కు పత్తి ఇంట్లోనే పోస్తాం. దీపావళి దాటిన దగ్గర్నుంచి ఏరిన పత్తి ఏరినట్టు గదిలోకి వస్తుంది. భావ్ పెరిగి మంచి ధర వచ్చేదాకా అక్కడే ఉంటుంది. మార్చి అంటే మార్చి, జూన్ అంటే జూన్. మాకు ఉన్నది వంటిల్లు, నడిమిల్లు, ముందర ఒక అరుగు. నడిమింట్లో సగం పత్తి, దూలం అందేదాకా. మిగిలిన సగంలో నా మంచం, అమ్మ మంచం, ఆ రెంటి మధ్య నేల మీద సావిత్రి బొంత. ఊళ్లో అందరి ఇళ్లూ అంతే. పత్తి ఉన్న గదిలో పడుకుంటే నాకు కడుపు నిండినట్టు ఉండేది. పత్తి పక్కన పడుకుంటే ఒళ్లు దురద పెడుతుందని అందరికీ తెలుసు. ఊపిరి కూడా ఆడదని మగవాళ్లకు తెలియదు. మేం పగలంతా బయటే ఉంటాం.

మా అమ్మాయి ప్రణాలి చంద్రపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుతుంది. ఒకసారి సెలవులకు వచ్చి, తల్లి పక్కన పడుకుని, తెల్లారి నా మీద లేచింది. "బాపూ, అమ్మకు రాత్రంత ఊపిరి గుర్‌గుర్ అంటుంది. నీకు ఇనవడతలేదా?"

"ఈ ఇలాకల అందరికీ దగ్గే బిడ్డా. బొగ్గు లారీల దుమ్ము."

"లారీలు రోడ్డు మీద తిరుగుతయ్. అమ్మ ఇంట్ల ఉంటది."

ఆ పిల్లే చంద్రపూర్‌లో ఛాతీ డాక్టరును అడిగి, తేదీ రాయించి, ఫోన్ చేసింది. నేను సావిత్రిని తీసుకుని పోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సావిత్రి పుట్టిల్లు లక్కడ్‌కోట్. తెలంగాణ అంచున ఉన్న మా మహారాష్ట్ర ఊళ్లలో ఒకటి. వాళ్లింట్లో అంతా తెలుగే, ఆమె బడికి పోలేదు. పెళ్లయిన కొత్తలో రాజురా బజారులో గాజులవాడితో ఆమె మరాఠీలో బేరమాడింది. ఏవో నాలుగు మాటలు, అటూ ఇటూ తిరగేసి. గాజులవాడు నవ్వలేదు. నేను నవ్వాను. ఇంటికి వచ్చి అమ్మకు, చుట్టాలకు ఆమె మాట్లాడినట్టే మాట్లాడి చూపించాను. "ఈమె మరాఠీ ఇంటే బర్రెలు సుత తాడు తెంపుకుంటయ్," అన్నాను. అందరూ బాగా నవ్వారు. ఆనాటి నుంచి ఆమె నా ముందర మరాఠీ మాట్లాడలేదు. ఆఫీసైనా, దుకాణమైనా, దవాఖానా అయినా నేనే మాట్లాడతాను, ఆమె నా వెనక నిలబడుతుంది. ఆమెకు రాదు అన్నది ఇంట్లో స్థిరపడిపోయింది.

డాక్టరు మంచివాడే. తొందర పడలేదు. ఒక కాగితం మీద బొమ్మ చూపించాడు, ఎండ్రకాయలాగా ఎనిమిది కాళ్లది. ఇది కంటికి కనబడని పురుగు, పరుపులో, దిండులో, బొంతలో లక్షల్లో ఉంటుంది, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది, కుట్టదు, కానీ దాని రెట్ట, చచ్చినవాటి పొడి గాలిలోకి లేచి ముక్కులోకి పోతే కొందరికి పడదు అని చెప్పాడు. పీల్చే మందు రాసి, ఇంట్లో చేయాల్సినవి అయిదు చెప్పాడు. పరుపుకూ దిండ్లకూ సందు లేకుండా నేసిన జిప్పు కవర్లు తొడగాలి. పక్కబట్టలన్నీ వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ఉతికి, బాగా ఆరబెట్టాలి. చీపురుతో దుమ్ము లేపకుండా తడిబట్టతో తుడవాలి. పడుకునే గదిలో పత్తి, పాతబట్టల మూటలు ఉండొద్దు. అయిదోది నా మొహంలోకి చూసి చెప్పాడు.

"హే కామ్ తాయీంనీ కరాయ్‌చం నాహీ. తుమ్హీ కరా."

ఈ పని ఈమె చేయకూడదు, మీరు చేయండి. దులిపేటప్పుడు, పక్కలు తీసేటప్పుడు ఆమె ఆ గదిలోనే ఉండకూడదు, దుమ్ము అణిగినాక ఒక గంట ఆగి రావాలి. లేకపోతే రోగం తగ్గించే పనే రోగం పెంచుతుంది అన్నాడు. "హో సాహేబ్," అన్నాను. కార్డు మీద కూడా రాసి ఇచ్చాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. సావిత్రి కిటికీ పక్కన కూర్చుంది. బల్లార్‌పూర్ దాటినాక అడిగింది.

"ఏమన్నడు డాక్టర్?"

నేను వేళ్లు మడుస్తూ చెప్పాను. కవర్లు, వేడినీళ్లు, తడిబట్ట, పత్తి. నాలుగు వేళ్లు మడిచి ఆగాను.

"గంతేనా?"

"గంతే. పత్తి సంగతి మాత్రం భావ్ వచ్చినాక సూద్దాం."

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. బస్సు వర్ధా నది మీది నుంచి పోతోంది.

మరిచిపోయి చెప్పలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. చెబితే ఆ పని ఎవరు చేస్తారు? అమ్మకు డెబ్బై దాటాయి, కూతురు హాస్టల్లో ఉంది, ఇక మిగిలింది నేను. బోరింగు దగ్గర ఆడవాళ్ల మధ్య గొంతుక్కూర్చుని బొంతలు పిండుతున్న రాజలింగు, అంటే నేనే, నా కళ్ల ముందు కనబడ్డాడు. ఊరు చూసి నవ్వుతుంది. నవ్వించడం ఎంత తేలికో నాకు తెలుసు. ఆ మాట మింగేశాను.

మూడేళ్లు సావిత్రి ఆ మాటలను తన చేతిలో ఉన్నంతమేర పాటించింది.

ప్రతి శుక్రవారం బోరింగు నుంచి ఎనిమిది బిందెలు మోసి నీళ్లు కాచే పెద్ద గుండిలో పోసేది. ఇంట్లో గ్యాస్ బండ ఉంది. నీళ్లకు గ్యాస్ కాలిస్తే ఎట్ల అని అమ్మ అంటే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టింది. ఆ పొగ అంతా ఆమె మొహానికే. ముందు బొంతలను దులిపేది, తర్వాత మరిగే నీళ్లలో ముంచి కర్రతో తిప్పేది, తీసి బండ మీద పిండేది. బొంత అంటే తెలుసు కదా, పాత చీరలు పొర మీద పొర వేసి కుట్టింది. అమ్మ బొంతలో మా నానమ్మ చీరలు కూడా ఉన్నాయి. మొదటిసారి దాన్ని వేడినీళ్లలో వేసిన రోజు అమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పింది.

"నా అత్త కట్టిన చీరెలు. ముప్పై ఏండ్లు నేను కప్పుకున్న. నాకేం పురుగు కుట్టలె. ఈమెకే వట్టుకున్నయ్ పురుగులు. మమ్మల్ని మురికోళ్లంటుంది సూడుండ్రి."

 సావిత్రి పిండుతూనే ఉంది.

కవర్ల సంగతీ చెబుతాను, దాచి ఏం లాభం. చంద్రపూర్ నుంచి ఒక పరుపు కవరు, రెండు దిండు కవర్లు తెప్పించాను. ఇంట్లో పరుపు ఒకటే, నాది. దిండ్లు రెండు, నాదొకటి, అమ్మదొకటి. డాక్టరు చెప్పినట్టు కవర్లు తొడిగాం. నేల మీద బొంత వేసుకునే సావిత్రికి తొడగడానికి ఏమీ లేదు. ఈ సంగతి నాకు ఆ మూడేళ్లలో ఒక్కరోజు కూడా తట్టలేదు. పైగా ఆమెకు దగ్గు తగ్గకపోతే అన్నాను, "గన్ని పైసలు వెట్టి కవర్లు తెస్తి, వారం వారం కట్టెలు కాలవెడ్తివి. ఇగ తగ్గకపోతే నీ ఒళ్లే గసొంటిది." పీల్చే మందు అయిపోయినప్పుడు పది రోజులు, పదిహేను రోజులు ఆగి తెచ్చేవాణ్ణి. పత్తి మొదటి రెండేళ్లూ మే దాకా ఆ గదిలోనే ఉంది. మూడో ఏడు జూన్ వచ్చింది.

వానలు ఇవ్వాళో రేపో అన్నట్టున్నాయి. ఇక ఆగలేక పత్తి కొనే బేపారి ధనరాజ్‌కు ఫోన్ చేశాను. తెల్లారకముందే టెంపో వచ్చింది. ఆరు నెలల పత్తి గంటలో ఎత్తేశారు. నేను టెంపో ముందు సీటులో ఎక్కుతూ సావిత్రికి చెప్పాను, "నేనొచ్చేసరికి గది దులిపి ఊడ్చిపెట్టు. ఎరువు బస్తాలు దిగాలె."

"తడిబట్ట వెడ్తే గంత చెత్త పోదు," అంది ఆమె.

"మరి చీపురు వట్టు. ఇయ్యాల ఒక్కరోజే గద."

మధ్యాహ్నం జిన్నింగు మిల్లులో నా పత్తి కాంటా మీద ఉన్నప్పుడు ఫోన్ మోగింది. విద్య పేరు కనబడింది. ఎత్తలేదు. తూకం దగ్గర కన్ను తిప్పితే కిలోలు పోతాయి. మళ్లీ మోగింది, మళ్లీ ఎత్తలేదు. నాలుగోసారి ప్రణాలి చేస్తే ఎత్తాను. నేను చంద్రపూర్ చేరేసరికి పొద్దు వాలింది.

విద్య వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. పక్కింటి పిల్లవాణ్ణి తూచడానికి వచ్చి చూసిందట. సావిత్రి గడప మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, నోరు తెరిచి ఉంది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఒక్క మాట చెప్పడానికి కూడా ఊపిరి లేదు. చేతిలో చీపురు మాత్రం ఉంది.

"మామా," అంది విద్య. గొంతు పెంచలేదు. "ఇంట్లకెళ్లి నేను తెచ్చిన పాత కార్డు సూసి డాక్టర్ నన్ను తిట్టిండు. నేనే ఇంటిదాన్ననుకున్నడు. మూడేండ్ల కిందనే రాసిచ్చిన గద, ఈ పనులు పేషంటుతోని చేయించొద్దని, అన్నడు. గా కార్డు నీ దగ్గర్నే ఉండె గద మామా. ఏం చెప్పినవ్ సావిత్రి అత్తకు?"

"నీకెందుకు గవన్ని? నీ పని నువ్వు సూస్కో," అన్నాను. వార్డు వైపు నడిచాను.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల సావిత్రి మాస్కు కొంచెం పక్కకు జరిపి నర్సుతో మాట్లాడుతోంది. మరాఠీలో. నెమ్మదిగా, ఊపిరి కోసం ఆగుతూ, కానీ ఒక్క మాట తడబడకుండా. ఎప్పటి నుంచి ఉంది అని నర్సు అడిగింది. పదకొండేళ్లు అని చెప్పింది. డాక్టరుకు నేను అయిదేళ్లని చెప్పాను. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మందు ఎన్నాళ్లకోసారి దొరుకుతుంది, ఇంట్లో పొయ్యి ఏది, ఎక్కడ పడుకుంటారు, అన్నిటికీ చెప్పింది. నాకు తెలియనివే ఎక్కువ. నర్సు ఏదో అంటే నవ్వింది కూడా. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో నా భార్య మరాఠీ మాట్లాడటం రెండోసారి వింటున్నాను.

ఆమె నన్ను చూసింది. మాస్కు మళ్లీ పెట్టుకోలేదు.

"నీకు వచ్చా?" అన్నాను. 

"ప్రణాలి ఒకటో తరగతిల ఉన్నప్పటి సంది వచ్చు. అది చదువుతుంటే పక్కన కూసుండి నేర్చుకున్న గద. ఆడోళ్ల పొదుపు సంఘం, బచత్ గట్ మీటింగుల మాట్లాడేది సుత నేనే."

"మరి గా రోజు డాక్టర్ దగ్గర..."

"అన్ని ఇన్న," అంది. మాస్కు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆరో రోజు డిశ్చార్జి. విద్య ఆటో తెచ్చింది. సావిత్రి ఆటోలో కూర్చుని లక్కడ్‌కోట్ పోతానంది. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి వస్తుందనుకున్నాను. వాళ్ల నాయన పోయినాక ఆ ఇల్లు ఖాళీగానే ఉంది, అన్నదమ్ములు లేరు. నాలుగు నెలలు చూశాను. ఫోన్ చేస్తే బాగున్నానంటుంది, వస్తానని అనదు. అప్పుడే బస్టాండులో విద్య మీద చెప్పడం మొదలుపెట్టాను.

ఇంట్లో ఇక్కడ ఏమైందంటే, అమ్మకు దగ్గు మొదలైంది. రాత్రిళ్లు పిల్లికూతలు. ప్రణాలి వచ్చి చూసి, అమ్మ బొంత తెచ్చి నా ముందర పడేసి పోయింది. ఒక శుక్రవారం పొయ్యి నేనే రాజేశాను. ఎనిమిది బిందెలు నావల్ల కాలేదు, అయిదుకే నడుము పట్టేసింది. బొంత నీళ్లలో వేయడం సులువు. తీయడానికి చూస్తే, తడిసిన బొంత నేను ఒక్కణ్ణి ఎత్తలేకపోయాను. బర్రెదూడ అంత బరువు. కర్ర పెట్టి సగం లేపితే చెయ్యి కాలి మళ్లీ గుండిలో పడింది. వెనకింటి వెంకటి గోడ మీది నుంచి చూస్తున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సావిత్రి ఒక్కతే ఎట్ల పిండేదో," అని లోపలికి పోయాడు.

ఆ తర్వాతి వారం లక్కడ్‌కోట్ పోయాను.

ఆమె అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నేను వెళ్లేసరికి చేట పక్కన పెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఇల్లు ఒకటే గది. నేల గచ్చు చేయించింది. ఒక ఇనుప మంచం, దాని మీద సన్న పరుపు, జిప్పు కవరు, పైన ఒక దుప్పటి. గోడలకు ఏమీ లేవు. మూటల్లేవు. కిటికీ రెండు రెక్కలూ తీసి ఉన్నాయి. ఆమె మొహం నున్నగా ఉంది. ఏళ్ల తరబడి ఆమె కళ్ల కింద ఉన్న వాపు అసలు ఆమె మొహంలోది కాదని అప్పుడు తెలిసింది.

ఆమె చెప్పిందంతా ఆ అరుగు మీదే చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. నా మాటలు కలిపితే మళ్లీ బస్సులో చేసిన పనే అవుతుంది.

డాక్టరు గదిలో అయిదో మాట విన్నప్పుడు ఆమెకు ముందు సిగ్గేసిందట. పరాయి మగవాడు తన కోసం తన మొగుడికి పని చెబుతున్నాడని తలొంచుకుందట. ఆ తర్వాత ఆ మాటను లోపల్లోపల మళ్లీ మళ్లీ అనుకుందట, ఈ పని ఈమె చేయకూడదు, ఈ పని ఈమె చేయకూడదు అని. పుట్టి బుద్ధెరిగినాక ఏ పని గురించీ అలాంటి మాట ఆమె తన మీద వినలేదు. బాలింతగా పదకొండో రోజున పత్తి ఏరడానికి పోయినప్పుడు వినలేదు, చెయ్యి విరిగి కట్టుతో ఉన్నప్పుడు ఒంటి చేత్తో రొట్టెలు చేస్తుంటే వినలేదు. బస్సెక్కినాక నేను ఎప్పుడు చెబుతానా అని చూసిందట. చెబితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది. నువ్వేం పిండుతవ్ తియ్, నలుగురు నవ్వుతరు, నేనే జేసుకుంట అని అందామనుకుంది. అదే అనేదట. నేను ఒక్కసారి ఆ మాట నోటితో అంటే చాలు, నన్ను వద్దని, ఆ పని తానే తీసుకుని బతికినంతకాలం చేసేదట. నాలుగు వేళ్లు మడిచి నేను ఆగినప్పుడు బొటనవేలి వైపే చూస్తూ కూర్చుందట. గంతేనా అని అడిగింది అందుకే. నది దాటేదాకా చూసింది, రాజురా వచ్చేదాకా చూసింది, ఇంటికి పోయి అన్నం పెట్టేటప్పుడు చెబుతానేమో అని చూసింది. తర్వాత ప్రతి శుక్రవారం గుండి కింద మంట పెట్టేటప్పుడు ఒకసారి నా వైపు చూసేదట. ఆ చూపులు నాకు ఒక్కటీ గుర్తు లేదు.

"నువ్వే చెప్పొచ్చు గద, డాక్టర్ గిట్ల అన్నడని," అన్నాను.

"చెప్తే అడుక్కున్నట్టయితది. నువ్వు చెప్తే ఇచ్చినట్టుంటుండె." చేటలో పప్పు కదిపింది. "తుమ్ము ఆపుకునుడు నీకు తెల్వదు. నాలుక పైకి నొక్కివట్టి, ఊపిరి మింగాలె. చెవులల్ల పోటు లేస్తది, కండ్లకెళ్లి నీళ్లు కారుతయ్. కొట్టంల బర్రె మెడ వట్టుకొని గట్లనే నిలవడుదును. నీ పని మంచిగ కావాలె అని మొక్కుకుంటనే నిలవడుదును. అది యాది జేసుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తది. నీ మీద రాదు."

"పత్తి ఇంట్ల వోస్తలేను," అన్నాను. "కొట్టం పక్కన రేకుల షెడ్డు ఏయించిన. అమ్మ బొంత సుత నేనే పిండవట్టిన. అడుగు కావాలంటే వెంకటిని."

"మంచిగనే జేస్తున్నవ్."

"మరి రారాదు?"

ఆమె లేచింది. లోపలికి పోయి వచ్చి, నా చెయ్యి చూపించమంది. గుండి అంచుకు కాలిన మచ్చ మీద ఏదో మందు రాసింది. రాస్తూనే చెప్పింది. "ఈడ నాకు నిద్ర వడుతుంది. ఆడ పదకొండేండ్లు నిద్రంటే ఏందో మర్చిపోయిన. పొద్దుగాల లేస్తే ఛాతి మీద ఏం బరువు ఉండదు. ఎవలు బయటికి పోతున్నరో సూసి తుమ్మే పని లేదు. నీ మీద పగ వట్టి కాదు, రాబుద్ధయితది కూడ. ఆడికి వస్తే మళ్ల మెల్లెమెల్లెగ చీపురు నా చేతికే వస్తది. నువ్వు ఇయ్యకపోయినా నేనే అందుకుంట. నన్ను నేను ఎరుగుదు."

 ఇంకో గ్లాసు నీళ్లు తాగి, లేచే ముందర, మళ్లీ మగవాణ్ణే అయ్యాను. "సరే. చేన్లకు ట్రాక్టర్ తోలిస్త, దుక్కి ఎప్పుడు దున్నమంటవ్?" అన్నాను. లక్కడ్‌కోట్‌లో మాకు చేను ఉంది. ఆమె నాయన పోయినప్పటి నుంచి నేనే దున్ని పత్తి వేస్తున్నాను, ఆ పత్తి కూడా మా నడిమింట్లోకే వచ్చేది. మన లక్కడ్‌కోట్ చేను అనేవాణ్ణి ఊళ్లో.

"దున్నొద్దు," అంది సావిత్రి. "బచత్ గట్టోళ్లకు కౌలుకిచ్చిన. కందులు ఏస్తరు. కాగితం రాసిండ్రు, సంతకం పెట్టిన. విద్యనే నేర్పింది సంతకం."

"నన్నడగకుండనే?"

"ఎవలి పేరుందో సూస్కో."

చూసుకోవడానికి నిజంగానే పోయాను. సిగ్గులేకుండా, ఊరి భూముల లెక్క రాసే తలాఠీ దగ్గర చేను హక్కు కాగితం, సాత్‌బారా తీయించాను. తలాఠీ కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. సొంతదారు పేరు సావిత్రి. సాగు చేసేవాడి గడిలోనూ సావిత్రే. పదిహేనేళ్లు నేను దున్నిన చేను కాగితంలో నా పేరు ఎక్కడా లేదు. విస్తీర్ణం చదవమన్నాను. ఆయన హెక్టార్లలో చదివాడు, నాకు అర్థం కాలేదు. మన లెక్కలో చెప్పమంటే కాగితం అంచున లెక్కగట్టి చెప్పాడు. రెండెకరాల పద్నాలుగు గుంటలు, అంతా సావిత్రిదే.